ఏం చేశావని మేం అడగం

మార్చి 4, మంగళవారం

జైలు క్లాసు ఇవాళ బాగా జరిగింది. చొక్కా కాలరు తిప్పడం నేర్పించాను. సగం మంది కాలరు తిప్పారు, మిగతా సగం మంది నన్ను తిప్పలు పెట్టారు. వార్డెనమ్మ ఎప్పటిలాగే గుమ్మంలో కుర్చీ వేసుకుని సూదుల మీద కన్నేసి కూర్చుంది, నేనేదో సూదితో గోడ తవ్వించి వీళ్ళందరినీ పారిపోనిస్తానన్నట్టు.

కాజాలమ్మ మాత్రం వంచిన తల ఎత్తలేదు. ఆ పేరు నేను పెట్టిందే. చొక్కా కాజాలు ఆమె చేత్తో కుట్టినంత శుభ్రంగా మిషను కూడా కుట్టదు. ఆమె కేసు ఇంతవరకు విచారణకే రాలేదు. శిక్ష పడి ఉంటే ఈపాటికి అనుభవించి ఇంటికెళ్ళిపోయేది అంటుంది మా సంఘం లాయరమ్మ. అలాంటివాళ్ళు ఆ వార్డు నిండా ఉన్నారు.

"నీకు పూచీ నేనుంటున్నాను. జడ్జి గారు ఊ అంటే మా ఇంటికే వస్తావు" అని చెప్పాను. సూది పక్కన పెట్టింది. సంతోషిస్తుందనుకుంటే ముఖం పాలిపోయింది. "అక్కా, మీకో మాట చెప్పాలి. నేను లోపలికి ఎందుకొచ్చానంటే" అని మొదలుపెట్టింది. వెంటనే ఆపేశాను. "వద్దమ్మా. నువ్వేం చేశావో మాకు అక్కర్లేదు. మా సంఘం నియమం అది." మళ్ళీ నోరు తెరవబోతే కాలరు సంగతి చూడు అన్నాను.

బస్సులో వస్తుంటే నా మీద నాకే ముచ్చటేసింది. ఇంకొకరైతే చెవులు రిక్కించి వినేవాళ్ళు.

మార్చి 6, గురువారం

స్కూలు యూనిఫారాల ఆర్డరు నెత్తి మీద కూర్చుంది. మా మనవడు బుడ్డోడిది పొద్దుటి నుంచి ఒకటే రాగం. అమ్మాయికి ఆసుపత్రిలో పగటి డ్యూటీ. అల్లుడు ఓడ మీద, ఎప్పటికి ఒడ్డెక్కుతాడో. ఈయన ఇన్నేళ్ళు బస్సు నడిపిన చేతులతో పిల్లాణ్ణి ఎత్తుకుని స్టీరింగు తిప్పినట్టు తిప్పుతాడు, వాడు ఇంకా గుక్కపెడతాడు. చివరికి నాతో పాటు కుట్టు కొట్టుకే తీసుకెళ్ళాను.

ఈయన దగ్గు మందు చెంచా కొసకి తీసి నాకించాను. కాసేపటికి మళ్ళీ కదిలాడు. పోశానా లేదా అని అనుమానం వచ్చి ఇంకొంచెం. ఇక సాయంత్రం దాకా చప్పుడు లేదు. పాంట్లన్నీ అయిపోయాయి.

అమ్మాయి డ్యూటీ దిగి ఇంటికొచ్చి ఉయ్యాల్లోకి తొంగి చూసి, "నీ చేతిలో ఏముందమ్మా? నా దగ్గర ఒక్కరోజైనా ఇలా పడుకోడు" అంది. పిల్లల్ని పెంచిన చెయ్యి మరి అన్నాను.

మార్చి 9, ఆదివారం

ఈసారి సమావేశం చర్చి హాల్లో. మాది వంతుల సంఘం. ఒకసారి చర్చి, ఒకసారి మసీదు, ఒకసారి గుడి. పాస్టరు గారు ఎదుట పదిమందే ఉన్నా మైకు ముందు నిలబడ్డట్టే మాట్లాడతారు. పూజారి గారికి ఏ హాల్లోనూ కుర్చీ నచ్చదు. ఇమాం గారు వాళ్ళిద్దరి మధ్యా కూర్చుని, ఎవరి గొంతు పెరిగితే వాళ్ళకి టీ అందిస్తారు. ముగ్గురికీ దేవుడి దగ్గర్నుంచి టీలో చక్కెర దాకా దేనిలోనూ పొత్తు కుదరదు. ఒక్కదానిలో మాత్రం సంఘం పెట్టిన రోజునే కుదిరింది. జైల్లో ఎవర్నీ ఏం చేశావని అడగకూడదు. ఎవరి గ్రంథంలోంచి వాళ్ళు కారణం చెప్పారు. కారణాలు వేరు, నియమం ఒకటే. నాకు ఈ సంఘంలో అన్నిటికంటే నచ్చింది అదే.

మేము పోరాడి పోరాడి సాధించింది కూడా చిన్నదేం కాదు. విచారణ లేకుండా ఏళ్ళు మగ్గినవాళ్ళకి పూచీ పడే ఇల్లు దొరికితే ఆ ఇంటికి పంపొచ్చని పైనుంచి ఒప్పుకున్నారు. ముందు ఒక్కరితో మొదలుపెట్టి చూస్తారట. అది సవ్యంగా జరిగితే ఆ వార్డులో మిగతావాళ్ళకీ దారి తెరుచుకుంటుంది. బెడిసికొడితే అందరి దారీ మూసుకుంటుంది.

మొదటి ఇల్లు ఎవరిది అని పోయిన నెల అడిగినప్పుడు అందరూ చెప్పుల వంక చూసుకున్నారు. నేను చెయ్యెత్తాను. పాస్టరు గారు ఇవాళ మళ్ళీ ఆ సంగతి ఎత్తి అందరిచేతా చప్పట్లు కొట్టించారు. వద్దంటూనే ఉన్నాను.

మార్చి 13

బుడ్డోడికి పళ్ళొస్తున్నట్టున్నాయి. చెంచా కొస. పని సాగింది.

మార్చి 17, సోమవారం

కోర్టు. రాయలేను.

మార్చి 18, మంగళవారం

క్లాసుకి వెళ్ళలేదు. పడిశం పట్టింది.

మార్చి 19, బుధవారం

పడిశం ఏమీ లేదు. రాస్తేగానీ నా బుర్ర కుదుటపడేలా లేదు, రాసేస్తాను.

నన్ను బోనెక్కించారు. ప్రభుత్వ లాయరు మెత్తగా మాట్లాడే మనిషి. మన ఇంటి పక్క బ్యాంకులో పనిచేసే ఆయనలా ఉన్నాడు. "అమ్మా, ఈమె మీద ఉన్న కేసేమిటో మీకు తెలుసా?" అన్నాడు.

"మేం అడగమండీ" అన్నాను. గర్వంగానే అన్నాను. వెనక మా ముగ్గురు పెద్దలూ కూర్చుని ఉన్నారు, వాళ్ళకి వినపడాలని కాస్త గట్టిగానే అన్నాను.

"మీ ఇంట్లో చిన్నపిల్లలున్నారా?"

"మనవడండీ. ఇంకా ఏడాది నిండలేదు."

ఆయన నావైపు జాలిగా చూశాడు. తర్వాత జడ్జి గారి వైపు తిరిగి చెప్పాడు. ఈమె ఒక ఇంట్లో పిల్లాణ్ణి చూసుకునే పనిలో ఉండేది. పిల్లాడు ఏడుపు మానడం లేదని పడుకోబెట్టడానికి పెద్దవాళ్ళ దగ్గు మందు పోసింది. వాడు మళ్ళీ లేవలేదు.

బోను కర్ర పట్టుకున్నాను. చెవుల్లో మిషను తిరుగుతున్న హోరు. ఆ హోరులో జడ్జి గారి మాట వినపడలేదు, రెండోసారి అడిగితే వినపడింది. "ఇప్పుడు కూడా పూచీ ఉంటారా?"

ఉంటాననీ అనలేదు, ఉండననీ అనలేదు. కాజాలమ్మ వైపు చూశాను. ఆమె ఏడవడం లేదు. హమ్మయ్య, తెలిసిపోయింది అన్నట్టుంది ముఖం. జడ్జి గారు నెలాఖరుకి వాయిదా వేశారు. అప్పటికి నేను అవుననో కాదనో చెప్పాలి.

ఇన్నాళ్ళూ ఆమె పక్కన కూర్చుని బుడ్డోడు పాకాడు, బుడ్డోడు నవ్వాడు అని చెప్పానే! పసివాడికి పెద్దవాళ్ళ దగ్గు మందా! ఏ మనిషికైనా ఎలా చేతులొస్తాయి? నా ఇంట్లో తెచ్చి పెట్టుకోబోయాను. నా ఉయ్యాల పక్కన!

మార్చి 20

చెంచా కొస ఎక్కడ, చెంచాలకి చెంచాలు పొయ్యడం ఎక్కడ. నాది వేరు.

సీసా అలమార పై అరలోకి ఎక్కించాను. దగ్గొస్తే నేను నిచ్చెన వేసుకోవాలా అని ఈయన సణుగుడు.

మార్చి 21, శుక్రవారం

అమ్మాయికి ఎవరో చెప్పేశారు. కోర్టు మాటకి కాళ్ళుంటాయి కాబోలు.

డ్యూటీ బట్టలైనా మార్చుకోకుండా నా మీదకొచ్చింది. "పసివాణ్ణి చంపినదాన్ని తెచ్చి నా కొడుకు పక్కన పడుకోబెడతావా? నీకు సంఘం ఎక్కువా, వాడెక్కువా?"

"అది తెలియక పోసి ఉంటుందే" అన్నాను. ఎందుకన్నానో నాకే తెలీదు. మొన్న ఈ పుస్తకంలోనే ఆమె మీద అంత మండిపడ్డదాన్ని.

"తెలియకే పోస్తారమ్మా అందరూ. మా వార్డుకి వస్తుంటారు అలాంటి పిల్లలు. పడుకున్నాడని ఇంట్లో అనుకుంటారు, అక్కడ ఊపిరి తగ్గిపోతూ ఉంటుంది. ఆ మందు పసివాళ్ళకి చుక్క కూడా పొయ్యకూడదు."

"చుక్క కూడానా?"

"చుక్క కూడా."

బుడ్డోడు నేల మీద కూర్చుని టేపు నోట్లో పెట్టుకుని నములుతున్నాడు. ఈయన వాడి వైపు చూసి, "వీడికేం, వాళ్ళ అమ్మమ్మ చెయ్యి తగిలితే చాలు, రాజాలా పడుకుంటాడు" అన్నాడు. స్నానాల గదిలోకి వెళ్ళి తలుపేసుకున్నాను.

మార్చి 22

ఆరో తారీఖు పేజీ చదివాను. చదవకుండా ఉండాల్సింది.

మార్చి 23, ఆదివారం

సమావేశం మసీదు పక్క గదిలో. నేను వెళ్ళేసరికే గొంతులు పెరిగి ఉన్నాయి. ఇవాళ టీ ఎవరికీ అందలేదు.

"వేరే ఇల్లు చూద్దాం" అన్నారు పాస్టరు గారు. మంచి మాటే. ఎవరి ఇల్లు అంటే, ఆయన ఇంటి ఆవరణలోనే పిల్లల బడి. ఇమాం గారింట్లో కోడలు నెలలు నిండి ఉంది. మిగతావాళ్ళందరికీ ఉన్నట్టుండి చుట్టాలొస్తున్నారు, గోడలకి సున్నాలు వేయిస్తున్నారు.

పూజారి గారు మాత్రం దాపరికం లేకుండా మాట్లాడారు. "నాకూ మనవరాలుంది. ఇలాంటి కేసని ముందే తెలిస్తే ఆ జైలు గుమ్మం తొక్కేవాణ్ణి కాదు. చెబుతున్నాను, తొక్కేవాణ్ణి కాదు."

"అందుకే కదండీ నియమం పెట్టుకున్నాం" అన్నారు పాస్టరు గారు.

ఇమాం గారు మెల్లిగా, "ఎవరి కోసం పెట్టుకున్నామండీ? అడిగితే వాళ్ళు సిగ్గుపడతారని అనుకున్నాం. అడిగితే మనం భయపడతామని కదా అసలు సంగతి" అన్నారు. పాస్టరు గారు ఏదో అనబోయి ఊరుకున్నారు. ఆయన ఊరుకోవడం నేనెప్పుడూ చూడలేదు.

నన్ను ఎవరూ బలవంతపెట్టలేదు. నువ్వు కాదంటే ఎవరూ తప్పుపట్టరమ్మా అన్నారు ముగ్గురూ. అంత జాలిగా చూస్తుంటే నాకు అక్కడ కూర్చోబుద్ధి కాలేదు.

మార్చి 25, మంగళవారం

వెళ్ళాను. మిగతావాళ్ళకి హెమ్మింగు పని అప్పజెప్పి కాజాలమ్మ పక్కన కూర్చున్నాను. దారం రెండుసార్లు ఎక్కించబోతే రెండుసార్లూ సూది బెజ్జం తప్పింది. ఆమే తీసుకుని ఎక్కించి ఇచ్చింది.

"ఏం చేశావు?" అని అడిగాను.

ఆమె కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "ఇన్నేళ్ళకి అడిగారక్కా" అంది. "పోలీసులు అడిగారు గానీ, జవాబు కూడా వాళ్ళే రాసుకున్నారు. మీ ముగ్గురు పెద్దలూ వచ్చినప్పుడల్లా ఎవరో ఒకరు అడుగుతారని చూసేదాన్ని. ఎవరూ అడగరు. పాటలు పాడతారు, దీవిస్తారు, వెళ్ళిపోతారు. నాది నోటితో అనడానికి కూడా పనికిరాని పాపం కాబోలు అనుకున్నాను."

తర్వాత చెప్పింది. ఆ ఇంట్లో వంట, గిన్నెలు, బట్టలు, పిల్లాడు, అన్నీ ఆమే. పిల్లాడు చంక దిగేవాడు కాదు. దగ్గు మందు పోస్తే పడుకుంటాడని ఎవరూ నేర్పలేదు, తనే కనిపెట్టింది. "నేను ఎవరి మీదా చెప్పనక్కా. నేనే పోశాను."

"అంతకు ముందు కూడా పోసేదానివా?"

"చాలాసార్లు. ఏమీ కాలేదు. నీ చెయ్యి మంచిదే, నీ దగ్గర హాయిగా పడుకుంటాడు అనేవాళ్ళు ఆ ఇంటివాళ్ళు. నాకూ గొప్పగానే ఉండేది. ఆ రోజు ఇంటి నిండా చుట్టాలు. పొద్దున పోసింది మర్చిపోయి మళ్ళీ పోశాను. పోశానో లేదో తెలియలేదు, అంత హడావుడి."

నేను వింటున్నానో లేదో అని నా ముఖంలోకి చూసింది. వింటున్నాను. నా దేవుడా, ఒక్కొక్క మాటా వింటున్నాను. ఆమె చెబుతున్నది నా కొట్టు సంగతి.

"మీ ఇంటికి నన్ను తీసుకెళ్ళొద్దని చెబుదామనే ఆ రోజు నోరు తెరిచానక్కా. బాబు ముచ్చట్లు మీరు చెబుతుంటే నాకు చెమటలు పట్టేవి. మీరు కాలరు చూసుకోమన్నారు."

వార్డెనమ్మ టైమైందని కేకేసింది. నేను నా సంగతి ఆమెకి చెప్పలేదు. చెబుదామనే అనుకున్నాను. గేటు దాకా వచ్చాక అనుకున్నాను.

మార్చి 27

బుడ్డోడు ఏడ్చాడు. ఎత్తుకున్నాను, ఊపాను, పాడాను, వీధి చివరి దాకా తిప్పాను. ఇంకా ఏడ్చాడు. ఒక్క చొక్కా కూడా పూర్తి కాలేదు. ఆర్డరువాళ్ళు తిట్టిపోయారు. మధ్యమధ్యలో ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి చూస్తున్నాను. ఏడుస్తున్న పిల్లాడికి ఊపిరి చూడడమేమిటో.

ఈయన, "నీ చెయ్యి మహిమ తగ్గినట్టుందే" అని నవ్వాడు.

మార్చి 30, ఆదివారం

రేపే వాయిదా. కొట్టు వెనక గది ఖాళీ చేయించాను. ఇంట్లో కాదు, కొట్టులో ఉంటుంది, పిల్లాడు కొట్టుకి రాడు, ఇంతే చెబుతాను. ఇంతకంటే చెప్పాల్సిన పనేముంది? మిగతాది నా ఇంటి సంగతి. ఎవరికీ ఏమీ కాలేదు కదా.

మార్చి 31, సోమవారం

చెప్పేశాను.

అమ్మాయి సెలవు పెట్టి మరీ వచ్చింది, నాకు అడ్డుపడడానికి. రెండో వరసలో కూర్చుంది. కొట్టు గది మాట చెప్పాను. జడ్జి గారు రాసుకున్నారు. అక్కడితో అయిపోయేదే. ఆ మెత్తటి లాయరు లేచి, "ఈమె ఏం చేసిందో ఇప్పుడు తెలుసు కదమ్మా. పసివాడున్న కుటుంబం మీది. అయినా ఈమెను ఎలా నమ్ముతున్నారు?" అన్నాడు. నా మేలు కోరే అడిగాడు.

ఏదో మంచి మాట తయారుచేసుకునే వెళ్ళాను. నోట్లోంచి అది రాలేదు.

"నేనూ పోశానండీ" అన్నాను. "మా వాడికి. అదే మందు. పని అవడం లేదని. ఒకరోజు పోశానో లేదో గుర్తులేక రెండుసార్లు పోశాను. మా వాడు లేచాడు. ఆమెకీ నాకూ అంతే తేడా."

లాయరు కూర్చోవడం మర్చిపోయి అలాగే నిలబడ్డాడు. కాజాలమ్మ రెండు చేతులతో నోరు మూసుకుంది. నేను వెనక్కి తిరిగి చూడలేదు. చూడక్కర్లేకుండానే రెండో వరసలో కుర్చీ నేలకి రాసుకున్న చప్పుడు, గబగబా చెప్పుల చప్పుడు, తలుపు చప్పుడు.

జడ్జి గారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. "మీ పూచీ ఒక్కటే ఇక నాకు సరిపోదమ్మా" అన్నారు. న్యాయమే. అప్పుడు వెనక నుంచి పూజారి గారు లేచారు. జైలు గుమ్మం తొక్కేవాణ్ణి కాదన్న మనిషి. "ఈవిడతో పాటు నేనూ ఉంటానండీ పూచీ" అన్నారు. ఆయన గొంతు కీచుగా వచ్చింది. పక్కనే ఇమాం గారు లేచారు. పాస్టరు గారు లేచారు, మాట్లాడకుండా లేచారు.

కొట్టు గదిలో ఉండాలి, పిల్లల్ని చూసుకునే పని చెయ్యకూడదు, వారానికోసారి ముగ్గురు పెద్దల్లో ఒకరు వచ్చి చూడాలి. ఆ షరతులతో ఒప్పుకున్నారు. విచారణకి కూడా తేదీ వేశారు, ఇన్నేళ్ళకి. వార్డులో మిగతావాళ్ళకి దారి మూసుకుపోలేదు. మా లాయరమ్మ నా చెయ్యి పట్టుకుని ఏదో అంది. నాకు గుర్తులేదు.

ఏప్రిల్ 1

నిన్న నేను ఇల్లు చేరేసరికే అమ్మాయి బుడ్డోణ్ణి తీసుకుని ఆసుపత్రి క్వార్టర్సుకి వెళ్ళిపోయింది. ఉయ్యాల కూడా విప్పుకుపోయింది.

ఈయన పై అరలోంచి సీసా తీసి, మోరీలో వంపి, సీసా కడిగి మరీ పారేశాడు. తిట్టలేదు. "ఇన్నాళ్ళూ నీ చెయ్యి మంచిదనుకున్నాను" అన్నాడు. అంతే. తిట్టినా బాగుండేది.

ఏప్రిల్ 2

ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. పని బాగా సాగుతోంది. పని ఇంత బాగా సాగుతుంటే చెయ్యబుద్ధి కావడం లేదు.

ఏప్రిల్ 4, శుక్రవారం

కాజాలమ్మ వచ్చింది. పాస్టరు గారి పాత కారులో, ముగ్గురు పెద్దలూ ఇరుక్కుని కూర్చుని దింపి వెళ్ళారు. పూజారి గారికి కారు సీటు కూడా నచ్చలేదు.

గదిలో కిటికీ తెరిచి ఉంటే మూసెయ్యనా అక్కా అని అడిగింది. నీ ఇష్టం అన్నాను. చాలాసేపు తేల్చుకోలేకపోయింది.

ఏప్రిల్ 6, ఆదివారం

సమావేశం గుడి మండపంలో. నియమం మార్చారు. ఇకమీదట అడుగుతాం. చెప్పడం వాళ్ళ ఇష్టం, అడగడం మాత్రం మన పని అని ఇమాం గారు రాయించారు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు.

పూజారి గారు నన్ను పక్కకి పిలిచి, అమ్మాయి ఏమైనా మాట్లాడిందా అని అడిగారు. లేదన్నాను.

ఏప్రిల్ 10, గురువారం

ఇవాళ అమ్మాయి కొట్టుకి వచ్చింది. బుడ్డోడి చిన్న దుప్పటి నా దగ్గరే ఉండిపోయింది, దానికోసం. చంకలో వాడు. నన్ను చూడగానే రెండు చేతులూ చాచి, మొత్తం ఒళ్ళంతా నా మీదకి వంచాడు. నా చేతులు వాటంతటవే లేచాయి. అమ్మాయి ఒక అడుగు వెనక్కి వేసింది.

వాడు గుక్కపెట్టాడు. ఆ ఏడుపు విని కాజాలమ్మ వెనక గదిలోంచి పరుగున వచ్చింది, సగం కుట్టిన చొక్కా చేతిలోనే ఉంది. పిల్లాణ్ణి చూసి గోడకి అంటుకుపోయింది. "నేను వెళ్ళిపోతానమ్మా, బయటికి వెళ్ళిపోతాను" అంటోంది, కదల్లేకపోతోంది.

అమ్మాయి ఆమెని చూసింది. తర్వాత నన్ను చూసింది. నేను చూశాను ఆ చూపు. ఇద్దర్నీ ఒకేలా చూసింది. ఆమె మీద ఎక్కువ లేదు, నా మీద తక్కువ లేదు.

నేనే దుప్పటి మడతపెట్టి బల్ల మీద పెట్టి పక్కకి జరిగాను. తీసుకుంది. గుమ్మం దాటాక ఒక్క క్షణం ఆగింది, వెనక్కి మాత్రం తిరగలేదు. వెళ్ళిపోయింది.

బుడ్డోడు ఏడుస్తూనే ఉన్నాడు. వీధి మలుపు తిరిగినా వినపడుతూనే ఉంది, ఎక్కడా తగ్గకుండా, గొంతు నిండుగా. కాజాలమ్మా నేనూ గుమ్మంలో నిలబడి, అది వినపడినంతసేపూ విన్నాం.